ఏటవాలు కోత

ధనమ్మకు గులాబీ కొమ్మ కోయడం నేర్పింది నేను. ఈ సంగతి ముందుగా చెప్పడం అవసరం. గుడివాడలో ఆమె ఇప్పుడు నలుగురికీ నేర్పుతున్నదని విన్నాను. తాను ఎవరి దగ్గర నేర్చుకున్నదో మాత్రం చెప్పడం లేదనీ విన్నాను.

మేమిద్దరం బందరులో ఒకే బాలికల పాఠశాలలో పద్దెనిమిదేళ్ళు పనిచేశాం. నేను తెలుగు చెప్పేదాన్ని, ఆమె డ్రాయింగు. మహమూదా అనే పేరుగల మనిషి తమ పిల్లలకు ఛందస్సు చెప్పడమేమిటని మొదట్లో ముఖం చిట్లించిన తల్లిదండ్రులు ఉండేవారు. వాళ్ళకు జవాబు చెప్పే పని నాకంటే ఎక్కువగా ధనమ్మే చేసింది. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది. నన్ను "అక్కయ్యా" అని పిలిచేది, ఆ పిలుపులో ఏనాడూ కల్తీ కనిపించలేదు.

1974 వేసవిలో ఆమె ఉద్యోగం మానేసింది. భర్త సాంబశివరావుగారు అన్నదమ్ములతో కలిసి ఉమ్మడి మిల్లు చూసుకోవలసి రావడంతో గుడివాడకు కాపురం మార్చారు. వెళ్ళేముందు మా ఇంటికి వచ్చి పెరట్లో నిలబడింది.

"మీ ఇంటినుంచి నాకింకేమీ వద్దక్కయ్యా. ఆ గులాబీ ఒక్కటి ఇవ్వండి."

ఆ గులాబీకి పేరు లేదు. నర్సరీ కేటలాగుల్లో వెతికాను, దొరకలేదు. మా అమ్మ కొత్త కోడలుగా వస్తూ పుట్టింటినుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చుకున్న పుల్ల అది. పొద్దున విచ్చినప్పుడు రేకులు జామపండు లోపలి రంగులో ఉంటాయి. మధ్యాహ్నం అంచులనుంచి తెల్లబడటం మొదలై, సాయంత్రానికి నడిబొడ్డున మాత్రమే రంగు మిగులుతుంది. వాసనలో ఎక్కడో యాలకులు నలిపినట్టుంటుంది. అమ్మ పోయినప్పటినుంచి ప్రతి శుక్రవారం ఆమె సమాధికి ఆ పూలే పంపించేదాన్ని. పద్నాలుగేళ్ళలో ఒక్క శుక్రవారం తప్పలేదు.

ధనమ్మకు ఊరికే కొమ్మ కోసి ఇవ్వలేదు. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాను. పూసి రాలిన కొమ్మ కావాలి, పెన్సిలంత లావుండాలి, జానెడు పొడవు చాలు. కింది చివర కణుపుకు దిగువన ఏటవాలుగా కోయాలి. పై చివర కణుపుకు ఎగువన సమంగా కోయాలి. ఆకులన్నీ తీసేశాక పుల్లకు తలా కాళ్ళూ తెలియవు కనుక కోతే గుర్తు. ఏటవాలు చివర మట్టిలోకి వెళ్తుంది. సమంగా ఉన్న చివర పైకి ఉంటుంది, అది ఎండిపోకుండా దానికి పేడ అద్దాలి.

"తలకిందులుగా పాతితే ఏమవుతుందక్కయ్యా?"

"చస్తుంది."

"అంత చిన్న పొరపాటుకే?"

"మనకు చిన్నది. పుల్లకు కాదు."

ఆమె నవ్వి, తన నోటు పుస్తకంలో రెండు చివరలూ బొమ్మ గీసుకున్నది. గుడివాడలో అయిదు పుల్లలు నాటితే నాలుగు బతికాయని ఉత్తరం రాసింది. మొదటి పువ్వు పూసిన రోజున దాన్ని రంగుల్లో చిత్రించి పంపింది. ఆ బొమ్మను చాలాకాలం నా బల్లమీద అద్దం కింద ఉంచుకున్నాను.

1977 నవంబరు పంతొమ్మిది ఉప్పెన గురించి నేను కొత్తగా రాయవలసింది లేదు. దివిసీమలో ఊళ్ళకు ఊళ్ళే పోయాయి. మా పేటలోకి సముద్రపు నీరు నడుంలోతున వచ్చి మూడు రోజులు నిలిచింది. నీరు తీశాక పెరట్లో ఉప్పు తెల్లగా పేరుకుంది. వేపచెట్టు తప్ప పచ్చనిది మరేమీ మిగలలేదు. బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్ళు రోడ్డువారగా కూర్చుని ఉన్న రోజుల్లో గులాబీ మొక్క పోయిందని చెప్పుకోవడం నాకు చేతకాలేదు. ఎవరితోనూ అనలేదు. శుక్రవారాలు వచ్చాయి, వెళ్ళాయి.

ఎనిమిదో రోజున ధనమ్మ బియ్యం, దుప్పట్లు వేసుకుని లారీలో వచ్చింది. తెచ్చినవి పంచింది. తరవాత మా ఇంట్లోనే పదిరోజులుండి బురద ఎత్తిపోసింది. తడిసిన నా పుస్తకాలను ఒక్కొక్క పేజీ విడదీసి మంచాలమీద ఆరబెట్టింది. ఇది కూడా రాయాలి. రాయకపోతే నేను అబద్ధమాడినట్టవుతుంది. ఎండిన మోడు ముందు నేను నిలబడి ఉండగా చూసింది. నేనేమీ అడగలేదు.

"బెంగపడకండక్కయ్యా. మీ మొక్క గుడివాడలో భద్రంగా ఉంది. జనవరిలో కొమ్మలు పంపిస్తాను. మీదే కదా!"

అప్పటికే నా రెండు కళ్ళలో శుక్లాలు ముదురుతున్నాయి. నాతో ఉంటున్న మా ఆడపడుచు జోహ్రా పేపరు చదివి వినిపిస్తే వినేదాన్ని. గడప, గిన్నె, గాజుగ్లాసు అన్నీ వేళ్ళతో చూసేదాన్ని. ఇదంతా ధనమ్మకు తెలుసు. ఆ పదిరోజులూ నా కంచంలో చేపముళ్ళు తీసిపెట్టింది ఆమే.

జనవరిలో సాంబశివరావుగారు బందరు కోర్టులో వాయిదాకు వస్తూ మొదటి కట్ట తెచ్చారు. అరటిదొప్పలో తడి గోనెముక్క చుట్టి, నారతో కట్టిన అయిదు పుల్లలు.

"టీచరుగారూ, రైల్లో నా పరువు పోయిందండీ. పెట్టెలో సగంమంది 'పందుంపుల్లలాండీ? ఒకటివ్వండి' అని చెయ్యి చాపారు."

"ఇవ్వలేదు కదా?"

"ఇస్తే మా ఆవిడ నా పళ్ళు రాలగొడుతుంది. మీకు కనిపించడం లేదు, గుచ్చుకుంటాయని ఒక్కొక్క ముల్లూ కూర్చుని గిల్లిందండి. నాకేనాడూ చేపముల్లు కూడా తీసిపెట్టలేదు."

నేను ఆ పుల్లల్ని వేళ్ళతో తడిమాను. నున్నగా ఉన్నాయి. ఒక చివర ఏటవాలు, రెండో చివర సమంగా, దానిమీద ఎండిన పేడ. సరిగ్గా నేను నేర్పినట్టే. నాకు కళ్ళు చెమర్చాయి. ఆ చెమ్మను ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మా నేలలో ఉప్పు దిగిందని తెలుసు కనుక ఆ మట్టి వాడలేదు. తోట్లవల్లూరునుంచి ఏటి ఒండ్రు రెండు బస్తాలు తెప్పించి కొత్త కుండీల్లో నింపాను. ఏటవాలు చివర కిందికి పెట్టి నాటాను. చిలకరించినట్టుగా కుళాయి నీళ్ళే పోశాను. ఇరవై రోజులైంది, నెలైంది. పుల్లలు పైనుంచి నల్లబడి, లాగితే వేరన్నది లేకుండా ఊడివచ్చాయి.

"ఇంకొన్నాళ్ళు పొయ్యండి భాభీ" అన్నది జోహ్రా. "పుల్లలకు రాకపోయినా కుండీలకు వేళ్ళొస్తాయి."

ధనమ్మకు జోహ్రా చేత ఉత్తరం రాయించాను. మీ ఊరి గాలిలోనే ఉప్పు ఉందక్కయ్యా, వానల్లో మళ్ళీ పంపుతాను అని జవాబు వచ్చింది. జులైలో రెండో కట్ట వచ్చింది. అవే నున్నటి పుల్లలు, అదే కోత, అదే పేడ. అవీ చచ్చాయి.

నా చేతులమీద నాకు నమ్మకం పోయింది. మట్టి మంచిది, నీరు మంచిది, పుల్ల మంచిది. ఇక చెడ్డది చెయ్యే అయివుండాలి. ముప్పై ఏళ్ళుగా ఇరుగుపొరుగుకు గులాబీలు, మందారాలు అంటుకట్టి ఇచ్చిన చేతులను ఒళ్ళో పెట్టుకుని, ఇవి ముసలివైపోయాయని వాటికి నేనే చెప్పుకున్నాను. జోహ్రా దగ్గర కూడా ఆ మాట అనలేదు.

ఆ రెండో కట్ట తెచ్చిన రోజునే సాంబశివరావుగారు ఇంకో విశేషం చెప్పారు.

"మా ఆవిడకు కిందటి డిసెంబరులో పూల ప్రదర్శనలో కప్పు వచ్చిందండి, మీకు రాయలేదూ? జిల్లాలో మరెక్కడా లేని మొక్క అని జడ్జీలు తేల్చారు. 'ధనమ్మ గులాబీ' అని అట్టముక్కమీద రాసి పెట్టారండి. కప్పు ఇంటికొచ్చాక మా అమ్మ కూడా కోడల్ని గారూ అంటోంది. నన్ను మాత్రం ఇంకా ఒరేయ్ అనే!"

నేను నవ్వాను. పేరులేని మొక్కకు జడ్జీలు పేరు పెట్టారు, వాళ్ళ తప్పు లేదు. అది ఎవరింటి మొక్కో ధనమ్మ చెప్పి ఉండవలసింది. అయినా సరిపెట్టుకున్నాను. పేరు ఏదైతేనేం, మొక్క బతికి ఉన్నది కదా, ఒక్క పుల్ల నా పెరట్లో నిలబడితే చాలుననుకున్నాను. నాకు కావలసింది అదొక్కటే. ఆ పుల్లలూ చచ్చాక మూడో కట్ట కావాలని అడిగాను.

అక్టోబరులో కుడికంటికి ఆపరేషను అయింది. నవంబరు చివర సీసా అడుగుల్లాంటి అద్దాలు వచ్చాయి. మొదటి వారమంతా ఆబగా చదివాను. డిసెంబరు పదకొండున మూడో కట్ట వచ్చింది. వరండాలో ఎండ పడుతున్నచోట కూర్చుని నార విప్పాను. అంతకుముందు రెండు కట్టలనూ నేను తడిమాను, అంతే. చూడటం అదే మొదలు.

గులాబీ కొమ్మమీద ఆకు ఊడిన చోట సన్నటి మచ్చ ఉంటుంది, ఎవరో గోటితో నొక్కినట్టు. ఆ మచ్చకు సరిగ్గా పైన చిన్న కన్ను ఉంటుంది. చిగురు అక్కడినుంచే వస్తుంది. కన్ను ఎప్పుడూ మచ్చకు పైనే ఉంటుంది, కిందికి రాదు. ఇందులో మినహాయింపు లేదు.

ఏటవాలు చివరను కిందికి పెట్టి పుల్లను ఎండకు ఎత్తి పట్టుకున్నాను. కన్ను మచ్చకు కింద ఉంది.

రెండో పుల్ల తీశాను. మూడోది తీశాను. అయిదూ చూశాను. గిల్లిన ముల్లు మొదలు ఒకచోట కొంచెం మిగిలింది. దాని కొన ఆకాశంవైపు తిరిగి ఉంది. బతికున్న ఏ గులాబీ ముల్లూ అలా తిరగదు.

జోహ్రాను పిలిచి చూపించాను. ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది.

"తోటమాలి కోశాడేమో భాభీ. వాడికేం తెలుసు, ఏ చివరైతేనేం అనుకుని ఉంటాడు."

"తెలియని చెయ్యి అయిదింటిలో ఒక్కటైనా పొరపాటున సరిగ్గా కోస్తుంది జోహ్రా."

"ధనమ్మగారలా ఎందుకు చేస్తారు? మీ పుస్తకాలు ఆరబెట్టిన మనిషి!"

నేను చాకు తెచ్చుకుని పేడ గీకేశాను. రెండు చివరలా కొత్తగా కోసి, అసలైన కింది చివరకు ఏటవాలు పెట్టి, అదే ఒండ్రులో, అదే కుండీల్లో నాటాను. అదే కుళాయి నీళ్ళు పోశాను. ఇరవై రెండో రోజున ఎర్రటి చిగురు చీమతలంత కనిపించింది. అయిదింటిలో మూడు బతికాయి. నా చేతులకు ఏ జబ్బూ లేదు.

కానీ మొక్క బతకడం రుజువు కాదు. తోటమాలి కోశాడన్న అవకాశం ఇంకా మిగిలే ఉంది. ఇరవై ఏళ్ళు దాటిన స్నేహాన్ని అనుమానంమీద కొట్టివేసే హక్కు నాకు లేదు. అందుకని ఫిబ్రవరిలో ఉత్తరం రాశాను, ఈసారి నా చేత్తోనే. పుల్లలు మళ్ళీ ఎండిపోయాయనీ, కోసేది మీ తోటమాలి అయితే వాడికి కోత సరిగ్గా తెలుసో లేదో కనుక్కోమనీ రాశాను. ఎండిపోయాయన్నది అబద్ధం. ధనమ్మకు తప్పించుకోవడానికి ఒక తలుపు తెరిచి ఉంచాను. తోటమాలి పేరు చెప్పి ఉంటే నమ్మేదాన్ని. నమ్మాలనే ఉండింది.

ఆమె జవాబు డ్రాయింగు టీచరు ముత్యాల్లాంటి అక్షరాల్లో వచ్చింది.

"మా కొండయ్యను ఆ మొక్క దరిదాపులకు కూడా రానివ్వనక్కయ్యా. ప్రతి పుల్లా నా చేత్తో నేనే, మీరు నేర్పినట్టు, కింద ఏటవాలుగా, పైన సమంగా కోశాను. మీ ఊరు ఇక గులాబీకి పనికిరాదని ఒప్పుకోండి. ఊరికే మనసు కష్టపెట్టుకోకండి. అమ్మగారి సమాధికి పూలు కావాలంటే కబురు పెట్టండి, ఎన్నైనా పంపుతాను."

పూలు ఎన్నైనా పంపుతుందట. మొక్క మాత్రం ఒక్కటి కూడా ఇవ్వదు. ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. అక్షరదోషం ఒక్కటి లేదు.

జవాబు రాయలేదు. మొక్క పెరిగేదాకా ఆగాను. వర్షాలు వెళ్ళాక మొదటి మొగ్గ వేసింది. 1979 డిసెంబరులో, ప్రదర్శనకు ముందురోజు, రెండు పూలు విచ్చిన కుండీని ఒళ్ళో పెట్టుకుని పొద్దున్నే గుడివాడ ప్యాసింజరు ఎక్కాను. ఎండ తగలకుండా పూలమీద పేపరు పొట్లంలా చుట్టాను. పెడనలో అద్దకం బట్టల మూటతో ఎక్కిన ఒకామె ఎదురుగా కూర్చుని ఆ పొట్లాన్నే చూడసాగింది.

"ఏం మొక్కండీ, కొత్త పెళ్ళికూతురిలా ముసుగేశారు?"

"గులాబీ అమ్మా."

"అత్తారింటికా?"

"అత్తారింటికి కాదు. ఒకసారి చూపించి వెనక్కి తీసుకుపోతాను."

"అయితే పెళ్ళిచూపులన్నమాట!" అని ఆమె నవ్వింది. పక్కవాళ్ళూ నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది. ఆ రోజు అదే ఆఖరు.

ధనమ్మ ఇంటి వరండాలో ఒంటరిగా ఉంది. ప్రదర్శనకు పెట్టవలసిన కుండీ అంచులకు ఎర్ర జాజు పూస్తున్నది. నన్ను చూసి చేతులు కొంగుకు తుడుచుకుంటూ పరుగున వచ్చింది.

"అక్కయ్యా! కబురైనా లేకుండా! కళ్ళద్దాలు మీకు భలే ఉన్నాయి. కూర్చోండి, కూర్చోండి. ఇదేమిటి?"

బల్లమీద కుండీ పెట్టి పేపరు విప్పాను. పొద్దుటి రంగు ఇంకా పోలేదు. ఆమె పూలను చూసింది, నన్ను చూసింది, మళ్ళీ పూలను చూసింది.

"ఎక్కడిది?" అన్నది.

"నువ్వు పంపిందే."

"నేను పంపినవి ఎలా..." అని ఆగిపోయింది.

"ఎలా బతికాయనా? చెప్పు. ఎందుకు బతకకూడదు?"

ఆమె జాజు అంటిన వేళ్ళను ఒకదానితో ఒకటి రుద్దుకోసాగింది. నేను ఆమె ఉత్తరం తీసి పూల పక్కన పెట్టాను. దాన్ని విప్పవలసిన అవసరం ఆమెకు కలగలేదు. నా ఎదురుగా కూర్చున్నది.

"బందరులో నేను టీచర్నక్కయ్యా. ఇక్కడ నాలుగో కోడల్ని. మూడేళ్ళకు పైగా ఈ ఇంట్లో నా పేరు ఎవరూ పలకలేదు. 'ఏమే' అంటే నేనే, 'ఇదిగో' అంటే నేనే. ఆ కప్పు వచ్చాక ఊళ్ళో నా పేరు చెప్పుకుంటున్నారు. మీ దగ్గర ఒక్క మొక్క బతికితే ఏమవుతుందో నాకు తెలియదా? అడిగినవాళ్ళకల్లా కోసిస్తారు. అడగనివాళ్ళకు పిలిచి ఇస్తారు. ఏడాది తిరిగేసరికి బందరులో గోడగోడకీ అదే. అప్పుడు నా మొహం ఎవరు చూస్తారు?"

"ఎవరికీ ఇవ్వొద్దని అడగవలసింది."

"అడిగితే మానేవారా మీరు?"

నేను ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను. "బహుశా మానేదాన్ని కాదు" అన్నాను.

"చూశారా!"

"అయితే ఇవ్వనని చెప్పవలసింది. ఇవ్వనంటే నాకు కోపం వచ్చేది, నాలుగు నెలలు మాట్లాడేదాన్ని కాదు, అక్కడితో సరి. నువ్వు ఇస్తూ చంపావు. మూడుసార్లు. రెండుసార్లు నా చేతులే పాడైపోయాయని నేను నమ్మాను ధనం. నాకు కళ్ళు కనిపించని సంగతి నీకు పనిముట్టయింది."

"అలా అనకండి. గుచ్చుకుంటాయనేగా ముళ్ళు కూడా గిల్లాను!"

"ముల్లు కొన ఎప్పుడూ కిందికి వంగి ఉంటుంది. అది ఉంటే నా వేలికి నిజం తెలిసిపోయేది. అందుకని గిల్లావు."

ఆమె ఏడ్చింది. అది నటన అని నేను అనను. ఆమె ఏడుపును ఓదార్చిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. చెయ్యి లేవలేదు. ఏడుపు తగ్గాక కళ్ళు తుడుచుకుని గుమ్మంవైపు చూసి, గొంతు తగ్గించింది.

"రేపు ప్రదర్శనకు తీసుకురారు కదా?"

"నాకు కప్పు అక్కరలేదు."

"బందరులో ఎవరన్నా అడిగితే, గుడివాడ ధనమ్మ ఇచ్చిందని చెప్పండక్కయ్యా. ఆ ఒక్కమాట చాలు. మీ మీద ఒట్టు, మళ్ళీ మిమ్మల్నేమీ అడగను."

"తప్పకుండా చెబుతాను. ఇది నీ ఇంటినుంచి వచ్చిన మాట నిజం. ఎలా వచ్చిందో అడిగితే అదీ చెబుతాను."

"ఎవరడుగుతారు?" అన్నది, దాదాపు ఆశగా.

అంతలో లోపలినుంచి సాంబశివరావుగారు చుట్ట ఆర్పుకుంటూ వచ్చారు. నన్ను చూసి నమస్కారం చేశారు. బల్లమీది కుండీ చూసి ఆయన మొహం విప్పారింది.

"ఓహో! బతికిందే టీచరుగారూ! నా రైలు పరువంతా వృథా పోలేదన్నమాట. మా ఆవిడ ఆశ వదిలేసుకోమంది కదండీ, ఎలా బతికించారు?"

ధనమ్మ నా వంక చూసింది. తల అడ్డంగా ఊపింది, ఎంత కొద్దిగా ఊపిందంటే, రెండేళ్ళ కిందటైతే నాకు కనిపించేది కాదు.

"కూర్చోండి సాంబశివరావుగారూ" అన్నాను. "కొంచెం పొడుగు సంగతి."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేను మొదటి కట్టనుంచీ మొదలుపెట్టి చెప్పాను.